దొంగనోటు చివరికి ఎవరి చేతిలో ఆగుతుంది?

సరిహద్దులో దొంగనోట్ల కట్టలు పట్టుబడ్డాయన్న వార్త వచ్చినప్పుడల్లా రెండు రకాల మాటలు వినడం మనకు అలవాటైపోయింది. శత్రుదేశం మన ఆర్థిక వ్యవస్థను కూలదోయడానికి కుట్ర పన్నిందనేది మొదటి మాట. పట్టుబడినవాడి పేరు చూసి, అలాంటి పేర్లున్న వారందరినీ అనుమానంగా చూడటం రెండవది. మొదటి మాటలో కొంత నిజం ఉన్నది, దానికి మించిన అతిశయోక్తీ ఉన్నది. రెండవది బొత్తిగా అన్యాయం. ఈ రెండు మాటల గోలలో పడి, దొంగనోటు వలన నిజంగా నష్టపోయేవాడెవడన్న ప్రశ్నను అడిగేవారు కరువయ్యారు.

ఇతర దేశాల నోట్లను దొంగతనంగా ముద్రించడం ఈనాటి తీవ్రవాదులు కనిపెట్టిన విద్య కాదు. దీనికి ఆద్యులు నాగరిక ప్రభుత్వాలే. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్‌వారు తిరుగుబాటుదారుల కాగితం డబ్బుకు నకళ్ళు తీయించి వదిలారు. 1812లో రష్యా మీద దండెత్తిన నెపోలియన్ రష్యన్ నోట్లను అచ్చు వేయించుకుని వెళ్ళాడు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా విమానాలు ఉత్తర వియత్నాం నోట్లను పోలిన కాగితాలను, ఒక అంచున ప్రచారపు రాతలు జోడించి, ఆకాశం నుండి కుమ్మరించాయి. ఆ రాతలున్న అంచును కత్తిరిస్తే మిగిలేది దొంగనోటే.

అయితే వీటన్నిటినీ మించినది హిట్లర్ జర్మనీ నడిపిన వ్యవహారం. బెర్నార్డ్ క్రూగర్ అనే ఎస్ఎస్ అధికారి ఆధ్వర్యంలో, జాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో, సుమారు 140 మంది యూదు ఖైదీలచేత బ్రిటిష్ పౌండ్లు ముద్రింపజేశారు. ముద్రించిన నోట్ల ముఖవిలువ 13 కోట్ల పౌండ్లు దాటింది. వాటిని విమానాల ద్వారా బ్రిటన్ మీద వెదజల్లి ఆ దేశపు డబ్బు మీద జనానికి నమ్మకం పోయేటట్లు చేయాలన్నది మొదటి ఆలోచన. ఆ ఆలోచన మూలపడింది. తరువాత ఆ నోట్లతో గూఢచారులకు జీతాలిచ్చారు, సరుకులు కొన్నారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1943లో 10 పౌండ్లు, అంతకు మించిన నోట్ల జారీని నిలిపివేసింది. 10 పౌండ్ల నోటు మళ్ళీ ప్రజల చేతికి రావడానికి 1964 దాకా పట్టింది. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థ మాత్రం కూలిపోలేదు.

ఈ కథలో ఒక చిన్న పాత్ర ఉన్నాడు. టర్కీ రాజధాని అంకారాలో బ్రిటిష్ రాయబారి దగ్గర పరిచారకుడిగా ఉంటూ, యజమాని రహస్య పత్రాలను ఫోటోలు తీసి జర్మన్లకు అమ్మినవాడు. చరిత్రలో 'సిసిరో' అన్న మారుపేరుతో ప్రసిద్ధుడు. ప్రాణాలకు తెగించి చేసిన పనికి అతడికి ముట్టినది దాదాపు 3 లక్షల పౌండ్లు. యుద్ధం ముగిశాక ఆ సొమ్ముతో వ్యాపారంలోకి దిగాడు. అప్పుడు బయటపడింది, అందులో అత్యధిక భాగం శిబిరంలో అచ్చయిన దొంగనోట్లేనని. నష్టపరిహారం ఇమ్మని జర్మన్ ప్రభుత్వాన్ని ప్రాధేయపడినా ఫలితం దక్కలేదు. అచ్చు వేయించినవాడు అచ్చు వేయించాడు, పంచినవాడు పంచాడు, నష్టం మాత్రం చివరగా పట్టుకున్న చేతిలో ఆగింది. ఆ పరిచారకుడి మీద జాలి పడనక్కరలేదు. కానీ కూరగాయల అంగడిలో కూర్చున్న స్త్రీ విషయంలోనూ జరిగేది సరిగ్గా ఇదే.

ఇటీవలి కాలానికి వస్తే, ప్రపంచంలో అందరూ దాచుకునే నోటు గనుక, అమెరికా నూరు డాలర్ల నోటుకే ఎక్కువ నకళ్ళు పుట్టాయి. 'సూపర్ నోటు' అని పేరుపొందిన నకలు 1989లో మనీలాలో మొదట బయటపడింది. దాని వెనుక ఉత్తర కొరియా ప్రభుత్వమే ఉన్నదని అమెరికా ఏళ్ళ తరబడి ఆరోపించింది. ఉత్తర కొరియా కాదన్నది. అటువంటి నోట్లు అచ్చు వేయగల యంత్రాలు మామూలు మనుషులకు అమ్మరు, ప్రభుత్వాలకే అమ్ముతారు అన్నది అమెరికా వాదనలోని బలమైన అంశం. 2006 నాటికి పదహారేళ్ళలో అమెరికా అధికారులు గుర్తించిన సూపర్ నోట్ల విలువ 5 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉన్నది. డాలర్ సముద్రంలో ఇది ఒక చెంబెడు నీళ్ళు. డాలర్‌కు దీనివల్ల పోయిందేమీ లేదు.

మరి దొంగనోటు ఒక దేశాన్ని నిజంగా కుదిపినది ఎక్కడ? పాఠకులలో పెద్దవారికి ఇరాక్ గుర్తుండే ఉంటుంది. 1990 ఆంక్షల తరువాత, పూర్వం బ్రిటన్‌లో ముద్రించుకున్న చక్కటి దీనార్ నోట్లు ఇరాక్‌కు దొరక్కుండా పోయాయి. సద్దాం ప్రభుత్వం నాసిరకం కాగితం మీద సొంతంగా అచ్చు వేయసాగింది. అసలే అలా ఉంటే నకలు తీయడం ఎంతసేపు? పొరుగు దేశాలూ, పాశ్చాత్య దేశాలూ కూడా దొంగ దీనార్లను ఇరాక్‌లోకి వదులుతున్నాయని 1992లో అంతర్జాతీయ పత్రికలు రాశాయి. 1993 మే నెలలో సద్దాం ప్రభుత్వం పాత 25 దీనార్ల నోటును రద్దు చేసి, మార్చుకోవడానికి ఆరు రోజులు గడువు ఇచ్చి, సరిహద్దులు మూసేసింది. జోర్డాన్‌లోని వర్తకుల దగ్గర, ఉత్తరాన కుర్దుల ఇళ్ళలో ఉన్న నోట్లు ఒక్కసారిగా చిత్తు కాగితాలయ్యాయి. దొంగనోటు వలన జరిగిన నష్టం ఎంతో గాని, దానికి కూడా మందు అని చెప్పి చేసిన పని వలన నష్టపోయినవారు మాత్రం మన కళ్ళ ముందు ఉన్నారు. అన్నట్టు, కుర్దులు మార్చుకునే దారిలేక ఆ పాత నోట్లనే వాడుకుంటూ పోయారు. కొత్తగా అచ్చయ్యే అవకాశం లేదు గనుక వాటి విలువ నిలబడింది. 2003 యుద్ధం తరువాత ఒక పాత దీనార్‌కు 150 సద్దాం దీనార్ల చొప్పున లెక్కగట్టి మార్చారు.

ఇక మన దేశం సంగతి. పెద్ద నాణ్యత గల నకిలీ రూపాయలు పాకిస్తాన్‌లో, అక్కడి ఐఎస్ఐ అండతో అచ్చవుతున్నాయని భారత ప్రభుత్వం చాలాకాలంగా చెబుతున్నది. పాకిస్తాన్ ఖండిస్తున్నది. సాక్ష్యాలు లేవా అంటే, కొన్ని ఉన్నాయి. 2000 జనవరిలో ఖాట్మండులోని పాకిస్తాన్ రాయబార కార్యాలయ ఉద్యోగి ఒకడు నకిలీ భారత నోట్లతో పట్టుబడ్డాడు. ముంబయి దాడులకు ముందు స్థలాలు పరిశీలించి వెళ్ళిన డేవిడ్ హెడ్లీ, 2016 ఫిబ్రవరిలో అమెరికా జైలు నుండి వీడియో ద్వారా ముంబయి కోర్టుకు సాక్ష్యమిస్తూ, ఐఎస్ఐ అధికారి అని తాను చెప్పిన వ్యక్తి తనకు ఇచ్చిన సొమ్ములో నకిలీ భారతీయ నోట్లు కూడా ఉన్నాయన్నాడు. ముస్లింల పేరు చెప్పుకుని ముస్లింల మెడకే ఉచ్చు బిగించే ఈ ముఠాలను వెనకేసుకు రావలసిన అగత్యం మనలో ఎవరికీ లేదు. ఎక్కడో అచ్చయిన నోటు పేదవాడి జేబులోకి చేరి, అతడి కష్టార్జితాన్ని కాజేసి, ఆ డబ్బు తుపాకీగా మారితే, దానికి ఏ పవిత్రమైన పేరు పెట్టినా అది దొంగతనమే.

అయితే ఆ ముఠాల శక్తిని కొలవడంలో మనం పప్పులో కాలు వేయకూడదు. కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ జాతీయ దర్యాప్తు సంస్థ కోసం ఒక అధ్యయనం చేసింది. పొడి అక్షరాల్లో దాని పేరు కూడా ఐఎస్ఐ కావడం ఒక విచిత్రం. పెద్ద నోట్ల రద్దుకు ముందు దేశంలో ఏ సమయంలో చూసినా చలామణిలో ఉన్న దొంగనోట్ల విలువ సుమారు 400 కోట్ల రూపాయలనీ, ప్రతి 10 లక్షల నోట్లలో 250 దాకా నకిలీవి ఉంటాయనీ అది అంచనా కట్టింది. 2016 మార్చి నాటికి చలామణిలో ఉన్న మొత్తం కరెన్సీ 16 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ పక్కన 400 కోట్లు పెట్టి చూడండి. ఆర్థిక వ్యవస్థను కూల్చే బాంబు కాదిది. కానీ ఒక ముఠాకు ఇళ్ళ అద్దెలు, ప్రయాణ ఖర్చులు, ఆయుధాల బేరాలు వెళ్ళదీయడానికి ఇందులో చిన్న భాగం చాలు. ప్రమాదం ఉన్నది అక్కడ.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో 2016 నవంబర్ 8 రాత్రి చూశాము. 500, 1000 రూపాయల నోట్లను రద్దు చేస్తూ ప్రధానమంత్రి చేసిన ప్రసంగంలో నల్లధనంతో పాటు నకిలీ నోట్లు, ఉగ్రవాదం ప్రధాన కారణాలుగా వినిపించాయి. రద్దయిన నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు కాగా 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగి వచ్చాయని రిజర్వు బ్యాంకే తేల్చింది. 2017 ఫిబ్రవరికల్లా, అంటే మూడు నెలలకే, కొత్త 2000 నోటుకు నకళ్ళు బెంగాల్ సరిహద్దులో పట్టుబడ్డాయి. ఆ 2000 నోటును కూడా 2023 మేలో రిజర్వు బ్యాంకు ఉపసంహరించుకున్నది. రద్దు చట్టబద్ధమేనని సుప్రీంకోర్టు 2023 జనవరిలో నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది, జస్టిస్ నాగరత్న విభేదించారు. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ నవంబర్, డిసెంబర్ నెలలలో బ్యాంకుల ముందు బారులు తీరినవారిలో దొంగనోట్ల ముఠాలు లేవు. పెళ్ళిళ్ళు పెట్టుకున్నవారు, రోజు కూలీలు, భర్త గల్ఫ్ నుండి పంపిన డబ్బులో కొంత బీరువాలో చీరల మడతల్లో దాచుకున్న గృహిణులు ఉన్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. బ్యాంకులలో పట్టుబడే దొంగనోట్ల సంఖ్య తగ్గింది. 2016-17లో 7,62,072 నోట్లు దొరికితే, 2024-25లో 2,17,396 మాత్రమే దొరికాయి. పోలీసులు, ఇతర సంస్థలు స్వాధీనం చేసుకున్నవి ఈ లెక్కలోకి రావు. కానీ ఇప్పుడు భారమంతా 500 నోటు మీద పడింది. 2024-25లో దొరికిన 500 నోటు నకళ్ళు 1.17 లక్షలు దాటాయి. అంతకు ముందు సంవత్సరంకన్నా ఇది 37 శాతం ఎక్కువ. కూలివాడి చేతికి వచ్చేదీ, కిరాణా కొట్టులో మారేదీ ఇప్పుడు ఆ నోటే గదా.

ఇప్పుడు పట్టుబడేవారి సంగతి చూద్దాం. పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లా, అందులోనూ కాలియాచక్, బైష్ణబ్‌నగర్ ప్రాంతాల పేర్లు ఈ కేసులలో పదే పదే వస్తాయి. అవతల బంగ్లాదేశ్‌లోని చపాయ్‌నవాబ్‌గంజ్. కంచె మీదుగా మూట విసిరేస్తే ఇవతల ఒకడు ఏరుకుంటాడు. అక్కడి నుండి ఫరక్కా వచ్చి రైలెక్కితే దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. ఫరక్కా ఆనకట్ట 1975లో వాడుకలోకి వచ్చాక ఎగువన గంగ ఒడ్డు కోసుకుపోయి, మాల్దాలో ఊళ్ళకు ఊళ్ళే నదిలో కలిశాయి. పొలం పోయింది, ఇల్లు పోయింది. అక్కడి మగవారు తాపీ పనికి దేశమంతా తిరుగుతారు, మన హైదరాబాదులో కట్టే అంతస్తుల మీద కూడా వారున్నారు. రైలు ప్రయాణానికి ఎలాగూ అలవాటు పడిన కుర్రవాడికి 'ఈ సంచి ఫలానా ఊళ్ళో ఇచ్చిరా' అని కొన్ని వేలు చూపిస్తే, అన్నం లేనివాడు ఒప్పుకుంటాడు. తప్పే, సందేహం లేదు. కానీ జైలుకు పోయేది సంచి మోసినవాడు. సంచి పంపినవాడి ముఖం అతడికి కూడా తెలియదు.

మాల్దా మనకు దూరమని అనుకోవడానికి లేదు. 2018లో విశాఖపట్నంలో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు 10 లక్షల రూపాయలకు పైగా ముఖవిలువ గల నకిలీ 2000 నోట్లను పట్టుకున్న కేసును జాతీయ దర్యాప్తు సంస్థ తన చేతిలోకి తీసుకున్నది. ఆ నోట్ల దారి కూడా మాల్దాకే పోయింది. తెచ్చినవారు సగానికి అటూ ఇటూ ధర పెట్టి కొనుక్కుని, సంతల్లో, చిల్లర దుకాణాలలో మార్చి లాభపడాలని చూసే రకం. వీరిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఇంట్లో స్కానర్, రంగుల ప్రింటర్ పెట్టుకుని నోట్లు తీసే ముఠాలు మన జిల్లాలలో కూడా పట్టుబడుతూనే ఉన్నాయి. వాటికి ఏ సరిహద్దుతోనూ, ఏ మతంతోనూ పనిలేదు.

ఈ రెండు రకాల మధ్య తేడాను చట్టం గుర్తించింది, కానీ వార్తలు రాసేవారు తరచుగా మరచిపోతారు. ఉపా అని పిలుచుకునే చట్టాన్ని 2012లో సవరించి, ఉన్నత నాణ్యత గల నకిలీ కరెన్సీ తయారీని, రవాణాను, చలామణిని దేశ ఆర్థిక స్థిరత్వానికి హాని చేసే ఉగ్రవాద చర్యల జాబితాలో చేర్చారు. ఏది 'ఉన్నత నాణ్యత' అన్నదానికి జలచిహ్నం వంటి లక్షణాల పట్టిక అదే చట్టం చివర ఉన్నది. రంగుల జెరాక్సు నోటు ఆ పట్టికలోకి రాదు. కుర్రవాడు అరెస్టయిన కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. ఉపా కింద అయితే అభియోగపత్రం దాఖలుకు 180 రోజుల దాకా గడువు పొడిగించవచ్చు, ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు బెయిలు రాదు. అందుచేత ఏ సెక్షన్ కింద కేసు పెట్టారు, నోట్లను పరీక్షకు పంపారా, పరీక్షలో ఏం తేలింది అన్న ప్రశ్నలను మొదటి రోజునుంచే వకీలు ద్వారా అడగాలి. ఇది నేరస్థుడిని వెనకేసుకు రావడం కాదు, నేరానికి తగిన చట్టాన్ని కోరడం.

సాధారణ చట్టం విషయంలో ఒక ఊరట ఉన్నది. దొంగనోటని తెలిసి మార్చినవానికి భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా, తెలిసి దగ్గర పెట్టుకున్నవానికి 180వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉన్నది. రెండింటికీ ప్రాణం 'తెలిసి' అన్న మాటలో ఉన్నది. ఛత్తీస్‌గఢ్‌లో పద్దెనిమిదేళ్ళ విద్యార్థి ఒకడు కిలో మామిడిపండ్లకు వంద నోటు ఇచ్చి, అది దొంగదని తేలి, మరికొన్ని నోట్లు కూడా అతడి దగ్గర దొరకడంతో శిక్షపడి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అవి నకిలీవని అతడికి తెలుసునని ఎవరూ రుజువు చేయలేదంటూ 2001లో సుప్రీంకోర్టు అతడిని విడుదల చేసింది. మంచి తీర్పు. కానీ మామిడిపండ్ల అంగడి నుండి ఢిల్లీ దాకా నడిచే ఓపిక, ఖర్చు ఎన్ని కుటుంబాలకు ఉంటాయి?

ఇక తెలియక చేతికి వచ్చిన నోటును ఏం చేయాలి? మనలో చాలామంది చేసే పని అందరికీ తెలిసిందే. చీకటిపడే వేళ, రద్దీలో, చూపు తగ్గిన ముసలి వర్తకుడి చేతిలో పెట్టేసి 'హమ్మయ్య' అనుకుంటారు. 'నాకు ఎవడో అంటగట్టాడు, నేను ఇంకొకడికి అంటగట్టాను' అన్నది వీరి న్యాయం. 1111లో మరణించిన ఇమాం గజాలీ తన ఇహ్యా గ్రంథంలో, సంపాదన గురించిన అధ్యాయంలో, సరిగ్గా ఈ ప్రశ్ననే తీసుకున్నారు. దొంగ దిర్హమ్‌ను తెలిసి చలామణి చేయడం ఒకసారితో అయిపోయే తప్పు కాదనీ, ఆ నాణెం తిరిగినంతకాలం దాని పాపం మొదట వదిలినవాడిని వెంటాడుతుందనీ, దానిని బావిలో పారేయాలనీ ఆయన భావం. నాణెం పరీక్షించడం వర్తకుడు నేర్చుకుని తీరాలని కూడా అన్నారు. వసూలైన ప్రతి నోటునూ వెలుగులో పెట్టి చూసే దుకాణదారుని మనం పిసినారి అని నవ్వుకుంటాము గాని, అతడు చేసేది తన మీద ఉన్న బాధ్యతే.

ఈనాడు బావి అక్కరలేదు, బ్యాంకు చాలు. దొంగనోటు కౌంటర్ దగ్గరకు వస్తే సిబ్బంది దానిమీద నకిలీ అని ముద్రవేసి ఉంచుకుని, ఇచ్చినవానికి రసీదు ఇవ్వాలి. నోటును తిరిగి ఇవ్వకూడదు. డబ్బు కూడా ఇవ్వరు. నష్టం చివరి చేతిదే అన్న పాత సూత్రాన్ని ప్రభుత్వం కూడా మార్చలేదు. మారిస్తే దొంగనోట్లు తెచ్చి అసలువి పట్టుకుపోతారన్న భయం ఉన్నది, అది సహేతుకమే. అయినా 500 రూపాయలు పోతే రెండు పూటలు పస్తుండే మనిషి, స్వయంగా బ్యాంకుకు వెళ్ళి ఆ నష్టాన్ని ఒప్పుకుంటాడని ఆశించడం కష్టమే. కనీసం ఒకటి రెండు నోట్ల వరకు, గుర్తింపు చూపిన చిన్న వ్యాపారికి, సంవత్సరానికి ఒకసారైనా కొంత భాగం చెల్లించే ఏర్పాటు చేస్తే, వీధిలో తిరిగే దొంగనోట్లు బ్యాంకుల దారి పడతాయి. ఈ దిశలో ఎవరూ ఆలోచించినట్టు కనిపించదు.

ఒకే లావాదేవీలో నాలుగు దాకా దొంగనోట్లు వస్తే బ్యాంకు నెలాఖరులో అన్నీ కలిపి పోలీసులకు నివేదిక పంపుతుంది. అయిదు, అంతకు మించితే కేసు నమోదుకు అప్పుడే పంపుతుంది. బక్రీద్ ముందు జియాగూడ వంటి మండీలలో మేకలు అమ్మేవారికి, రమజాన్ రాత్రులలో బట్టలు అమ్మేవారికి ఒక్క పూటలో వందల కొద్దీ 500 నోట్లు చేతికి వస్తాయి. మర్నాడు జమ చేసేటప్పుడు అందులో అయిదు చెడ్డవి తేలితే స్టేషనులో సమాధానం చెప్పవలసింది ఆ వర్తకుడే. కనుక పెద్ద బేరాలకు కొనుగోలుదారు పేరు, ఫోన్ నంబరు, మొత్తం ఒక చిట్టా పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. 180వ సెక్షన్ వివరణ ప్రకారం నోటు సక్రమమైన మార్గంలో వచ్చిందని చూపగలిగితే అది నేరం కాదు, చూపడానికి ఆ చిట్టా కావాలి. నోటును కొంచెం వంచి చూస్తే 500 నోటులోని భద్రతా దారం ఆకుపచ్చ నుండి నీలానికి మారాలి. రెండు అంచుల దగ్గర అయిదేసి ఏటవాలు గీతలు వేలికి గరుకుగా తగలాలి. చూపు సరిగా లేని పెద్దవారు ఆ గీతలను తడిమి చూసుకోవచ్చు, అవి పెట్టిందే వారి కోసం.